అప్పు కొట్టేస్తే అడవి మిగులుద్దా?

ప్రశ్న: పేద దేశాల అప్పు రద్దు చేసి, బదులుగా అడవుల్ని కాపాడమంటారట కదా, దీనివల్ల ఎవరికి లాభమండీ?

జవాబు: మొదటిసారి 1987లో దక్షిణ అమెరికాలోని బొలీవియాలో చేశారండీ. ఆ దేశం ఎలాగూ కట్టే స్థితిలో లేదని అప్పిచ్చిన బ్యాంకులు అప్పు పత్రాల్ని అయినకాడికి అమ్మి వదిలించుకుంటున్న టైమ్‌లో, కన్జర్వేషన్ ఇంటర్నేషనల్ అనే ప్రకృతి సంరక్షణ సంస్థ 6.5 లక్షల డాలర్ల బాకీని లక్ష డాలర్లకే కొనేసి రద్దు చేసింది, అందుకు ప్రతిగా బేని ప్రాంతంలో అడవి కాపాడతాం, దాని నిర్వహణకి 2.5 లక్షల డాలర్ల విలువైన స్థానిక కరెన్సీ నిధి పెడతాం అని ప్రభుత్వం ఒప్పుకుంది. తీరా చూస్తే ఆ నిధి 1989 దాకా రానే లేదు! అక్కడే బతికే చిమానే ఆదివాసీ జనాన్ని ముందు అడిగిన నాథుడూ లేడు. దేశం మొత్తం అప్పేమో వందల కోట్ల డాలర్లు, అందులో ఇదెంతండీ? అమ్మినవాళ్లకి మాత్రం రాదనుకున్న బాకీలో ఎంతోకొంత చేతికొచ్చింది.