వాదిస్తుంది సరే, అమ్మా, చదువుతుందా?

ప్రశ్న: మాది పరకాల. మా పాప హన్మకొండలో హాస్టల్లో ఉండి ఇంటర్ ఎంపీసీ చదువుతోంది. ఫస్టియర్ పరీక్షలు ఇప్పుడే అయిపోయినయి. ఏడో తరగతి దాకా తెలుగు మీడియం, ఎనిమిది నుంచి ఇంగ్లిష్. ఫిజిక్స్ తన వల్ల కాదని, లా చదువుతానని అంటోంది. చిన్నప్పటి నుంచి మాటకు మాట బాగా వాదిస్తుంది, లాయర్‌గా పనికొస్తుందని చుట్టాలందరూ అంటారు. హైదరాబాద్‌లో ఒక కాలేజీ వాళ్లు సెకండియర్‌తో పాటే క్లాట్ (జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష) కోచింగ్, హాస్టల్ అన్నీ కలిపి రెండున్నర లక్షలంటున్నారు. ఈ వారంలో అడ్వాన్సు కడితే తగ్గిస్తారట. క్లాట్ కొడితే పాతిక లక్షల ప్యాకేజీ అని చెప్పారు. మా బావగారి అబ్బాయి బీటెక్ చేసి అమెరికా పోయాడు. క్లాట్ మంచిదా, లాసెట్ (రాష్ట్ర లా కాలేజీల ప్రవేశ పరీక్ష) మంచిదా? ఆడపిల్ల కోర్టుల చుట్టూ తిరిగి బతకగలదా?

జవాబు: ముందు ఆ అడ్వాన్సు సంగతి. ఈ వారం కట్టకండి, అమ్మా. తగ్గింపు పోతే పోనివ్వండి. ఎందుకో కింద చెప్తాను. పైగా ఫస్టియర్ ఒకచోట, సెకండియర్ ఇంకోచోట అంటే ఇంటర్ బోర్డు అనుమతి కావాలి, టీసీ కావాలి, మొదటి కాలేజీలో ఫీజు బాకీ ఉంటే అక్కడే ఆగిపోతుంది. అడ్వాన్సు తీసుకునేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పరు.

మీరు క్లాట్, లాసెట్ల గురించి అడిగారు గానీ మీ భయం వేరే ఉంది. ఎంపీసీలో వేసి తప్పు చేశామా, ఒక ఏడాది పోయిందా, అందరి పిల్లలు ముందుకు పోతుంటే మా పిల్ల వెనకబడిందా అన్నది మీ మనసులోని మాట. వెనకబడలేదు. రెండు పరీక్షలకూ ఇంటర్‌లో ఏ గ్రూపయినా చెల్లుతుంది. జనరల్ వాళ్లకు రెండింటికీ 45 శాతం మార్కులు చాలు, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు ఇంకా తక్కువ. క్లాట్‌కు పై వయసు పరిమితి లేదు. ఎంసెట్ పోతే ఇంజినీరింగ్ దారి మూసుకుపోయినట్టు లా దారి పదిహేడేళ్లకు మూసుకుపోదు. డిగ్రీ అయ్యాక మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అలా చేస్తే మొత్తం ఆరేళ్లు, ఇంటర్ అయ్యాక నేరుగా చేరితే అయిదేళ్లు. తేడా ఒక్క ఏడాదే.

ఇక వాదించడం. ఇంట్లో మాటకు మాట చెప్పడానికీ లా చదవడానికీ సంబంధం లేదు. మన వరంగల్, హన్మకొండ కోర్టుల్లో వచ్చే కేసుల్లో ఎన్నో భూమి కేసులు. ఒక కేసు ఫైలు తెరిస్తే పాత పహాణీలు (ఊరి భూమి రికార్డులు), అనుభవదారు కాలమ్‌లో మారిపోయిన పేర్లు, సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేకుండా తెల్ల కాగితం మీద రాసుకున్న అమ్మకం) కాగితం, సర్వే నంబరు బై నంబర్లు. అవన్నీ ఒక్కొక్కటి చదివి, ఏ ఏడాది పహాణీలో పేరు ఎందుకు మారిందో పట్టుకోవాలి. గొంతు పెద్దది చేసే పని పావుగంట, కాగితం చదివే పని మూడు రోజులు. మీ ఉత్తరంలో ఫీజు ఉంది, ప్యాకేజీ ఉంది, బావగారి అబ్బాయి ఉన్నాడు. పాప ఏం చదువుతుందో, పేపర్ ముట్టుకుంటుందో లేదో ఒక్క ముక్క లేదు. నేను అడిగేది అదొక్కటే.

ఎందుకంటే క్లాట్ మొత్తం చదివే పరీక్ష. 120 ప్రశ్నలు, రెండు గంటలు, ఇంగ్లిష్‌లో మాత్రమే. కరెంట్ అఫైర్స్, లీగల్ రీజనింగ్ చెరో ముప్పై దాకా, ఇంగ్లిష్, లాజికల్ రీజనింగ్ చెరో ఇరవై నాలుగు దాకా, లెక్కలు పది పన్నెండు. లెక్కల్లో కూడా పదో తరగతి శాతాలు, నిష్పత్తులే. ఎంపీసీ పిల్లకు అక్కడ ఢోకా లేదు. దాదాపు ప్రతి ప్రశ్నా ఒక పాసేజీకి కట్టి ఉంటుంది, ఒక్కో పాసేజీ 450 పదాల దాకా ఉంటుంది. అన్నీ కలిపితే రెండు గంటల్లో ఎనిమిది నుంచి పది వేల పదాలు చదవాలి, చదివి జవాబు గుర్తుపెట్టాలి. చట్టం ముందే తెలిసి ఉండాల్సిన పని లేదు, పాసేజీలోనే ఇస్తారు.

ఒక మచ్చు చూడండి. పాసేజీలో ఇలా ఉందనుకుందాం: ‘దొరికిన వస్తువు మీద దొరికినవాడికి, అసలు యజమానికి తప్ప మిగతా అందరికంటే ఎక్కువ హక్కు ఉంటుంది. అయితే ఆ చోటు ఒకరి ఆధీనంలో ఉండి, అక్కడి వస్తువుల మీద వాళ్లు అజమాయిషీ చూపుతుంటే, హక్కు ఆ చోటు ఆధీనంలో ఉన్నవాళ్లది.’ ప్రశ్న ఏమిటంటే, ఎనుమాముల మార్కెట్‌లో ఒక హమాలీకి పత్తి బస్తాల మధ్య బంగారు ఉంగరం దొరికింది. అడ్తిదారు (కమీషన్ వ్యాపారి) తన షెడ్డులో దొరికింది కాబట్టి తనదే అన్నాడు. ఆ షెడ్డుకు రాత్రి తాళం వేయరు, ఎవరైనా వచ్చి పోతుంటారు, దొరికిన వస్తువుల గురించి ఎప్పుడూ ఎవరూ పట్టించుకోలేదు. ఉంగరం ఎవరిది?

హమాలీ పేదవాడు కాబట్టి అతనికే ఇవ్వాలని పెట్టిన పిల్లకు ఇక్కడ మార్కు పడుతుంది, ఎందుకంటే అజమాయిషీ లేదు. కానీ తర్వాతి ప్రశ్నలో అదే షెడ్డుకు కాపలా పెట్టి, దొరికిన ప్రతి వస్తువూ గుమాస్తాకు అప్పజెప్పాలని బోర్డు రాశారని మారుస్తారు. ఇప్పుడు జవాబు అడ్తిదారు. జాలితో పెట్టిన పిల్ల రెండోసారి పోగొట్టుకుంటుంది. పోలీస్ స్టేషన్‌లో ఇవ్వాలి కదా అని బయటి తెలివి తెచ్చిన పిల్ల రెండుసార్లూ పోగొట్టుకుంటుంది. ‘అయితే’ అన్న మాట దగ్గర ఆగి చదివిన పిల్లకు రెండూ వస్తాయి. లీగల్ రీజనింగ్ అంటే ఎక్కువగా ఇదే.

దీనికి రెండున్నర లక్షలు కావాలా? కోచింగ్ సెంటర్లు టెస్టులు బాగా పెడతాయి, కరెంట్ అఫైర్స్ పోగు చేసి ఇస్తాయి, అది కాదనను. కానీ చదివే వేగాన్ని ఎవరూ అమ్మలేరు. అప్పటికే ఇంగ్లిష్ గడగడా చదివే పిల్లలు అక్కడ చేరతారు, వాళ్లకు ర్యాంకులొస్తాయి, ఆ ఫొటోలు ఫ్లెక్సీ మీదికెక్కుతాయి. చదవడం నెమ్మదిగా ఉన్న పిల్లను అదే గదిలో కూర్చోబెడితే మొదటి నెలలోనే మాక్ టెస్టులో నలభై మార్కులు చూసి కుంగిపోతుంది. ఫిజిక్స్ దగ్గర ఏమయిందో ఇక్కడా అదే అవుతుంది. అందుకే ఈ ‘ఇంటర్ ప్లస్ క్లాట్’ కాలేజీల మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. ఐఐటీ ఫౌండేషన్ పేరుతో చేసినదాన్నే పేరు మార్చి చేస్తున్నారు.

పాతిక లక్షల ప్యాకేజీ మాట కూడా సగమే నిజం. అలాంటి జీతాలు ముంబయి, ఢిల్లీ, బెంగళూరుల్లో ఉన్న పెద్ద లా ఫర్ములు ఇస్తాయి. వాళ్లు ఎక్కువగా వెళ్లేది బెంగళూరు నేషనల్ లా స్కూల్, మన శామీర్‌పేట నల్సార్ వంటి నాలుగైదు చోట్లకే, అక్కడ కూడా క్లాసులో అందరికీ రావు. ఇరవైకి పైగా ఉన్న మిగతా జాతీయ లా యూనివర్సిటీలన్నిటికీ అదే మాట అంటగట్టడం మోసం. ఫీజు, హాస్టల్ కలిపి అయిదేళ్లకు పది లక్షలు దాటుతుంది. అప్పు చేసి చదివిన పిల్ల, ఇష్టం ఉన్నా లేకున్నా ఆ అప్పు తీర్చే ఉద్యోగమే వెతుక్కోవాలి. జడ్జి కావాలనో, హన్మకొండలో ప్రాక్టీసు పెట్టాలనో ఉన్న పిల్లకు ఆ దారి బరువైపోతుంది. నల్సార్‌లో తెలంగాణ స్థానికులకు కొన్ని సీట్లు విడిగా ఉన్నాయి, కాబట్టి ప్రయత్నమే వద్దని అనను. ప్రయత్నించమనండి. దాని మీదే ప్రాణం పెట్టుకోవద్దంటాను.

లాసెట్ వేరే రకం. 120 ప్రశ్నలే, కానీ 90 నిమిషాలు. ప్రశ్నలు తెలుగులో కూడా ఉంటాయి, తప్పుకు మార్కు కోత లేదు. జీకే, మెంటల్ ఎబిలిటీ ముప్పై, కరెంట్ అఫైర్స్ ముప్పై, లా ఆప్టిట్యూడ్ అరవై. ఇక్కడ రాజ్యాంగం, చట్టాల పరిచయం నేరుగా అడుగుతారు, అంటే చదివి గుర్తుపెట్టుకోవాలి. 42 మార్కులొస్తే అర్హత, ఎస్సీ ఎస్టీలకు అదీ అక్కర్లేదు. కానీ అర్హత వేరు, మంచి కాలేజీలో సీటు వేరు. ఒక్క ప్రశ్న కూడా వదలకుండా అన్నీ పెట్టాలి. జాగ్రత్త ఒక్కటి, పాత గైడు కొనకండి. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు శిక్ష 302 కాదు 103, మోసం 420 కాదు 318. చౌరస్తాల్లో, సెకండ్‌హ్యాండ్ షాపుల్లో ఇంకా పాత సెక్షన్ల పుస్తకాలు దొరుకుతాయి.

లాసెట్‌లో వచ్చిన సీటు తక్కువదని అనుకోకండి. నల్సార్‌లో చదివినా, సుబేదారిలో కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీలో చదివినా బార్ కౌన్సిల్లో ఎన్‌రోల్ అయ్యేది ఒకే చట్టం కింద, రాసే ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్ ఒకటే. కింది కోర్టులో సాక్షిని అడిగేది తెలుగులో. ఎఫ్‌ఐఆర్‌లో ఫిర్యాదుదారు మాట తెలుగులో. పరకాల రైతు చెప్పేది అర్థం చేసుకుని, దాన్ని ఇంగ్లిష్ ప్లెయింటులో, అంటే దావా కాగితంలో పెట్టగల అమ్మాయి కావాలి మన కోర్టులకు. మీరు తెలుగు మీడియం అని సిగ్గుపడుతూ రాశారు, అందులో సగం ఆమె బలం. మిగతా సగం ఇంగ్లిష్, అది సంపాదించుకోవాలి.

బతకగలదా అని అడిగారు. మొదటి మూడు నాలుగేళ్లు కష్టమే, అబద్ధం చెప్పను. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది, కానీ అది సూచనే, తప్పనిసరి కాదు. చాలా చోట్ల అంత ఇవ్వరు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న తీర్పు చెప్పింది. కాబట్టి చదువు అయిన వెంటనే జడ్జి అయిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ మూడేళ్లు ఇంట్లో అన్నం పెట్టి, పెళ్లి సంబంధాల పేరెత్తకుండా ఉండగలరా? ఆడపిల్ల బతకగలదా అన్న ప్రశ్న కంటే ఈ ప్రశ్న మీరు మీకు వేసుకోవాలి. ఆడపిల్లలు ఈ వృత్తిలో ఆగిపోయేది కోర్టు దగ్గర కాదు, ఎక్కువసార్లు ఇంటి దగ్గర.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. క్లాట్ ఈ మధ్య డిసెంబర్ మొదటి ఆదివారం జరుగుతోంది, ఫారాలు ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా. అంటే మీ చేతిలో ఎనిమిది నెలలున్నాయి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో ఇప్పుడే పెట్టండి. రిజర్వేషన్, స్థానికత ఫారం నింపే రోజునే సరిగ్గా గుర్తుపెట్టాలి, గడువు అయిపోయాక మార్చుకుందామంటే కుదరకపోవచ్చు.

రేపటి నుంచి ఒక ఇంగ్లిష్ పేపర్ తెప్పించండి, లేకపోతే గ్రంథాలయంలో చదవమనండి. ఎడిటోరియల్‌లో 450 పదాల ముక్క. ఫోన్‌లో టైమర్ పెట్టి ఒక్కసారి చదవాలి, పేపర్ మూసేసి రాసినాయన ఏమంటున్నాడో, ఎందుకంటున్నాడో తెలుగులో మూడు వాక్యాలు మీకు చెప్పాలి. మీకు ఆ విషయం తెలియకపోయినా ఫరవాలేదు, మీకు అర్థమయిందంటే ఆమెకు అర్థమయినట్టే. పరీక్షలో కావాల్సింది మూడు నిమిషాల వేగం. మొదట ఏడెనిమిది పట్టినా కంగారు పడకండి. తెలియని ప్రతి మాటకూ డిక్షనరీ తీయనివ్వకండి, పక్క వాక్యాన్ని బట్టి ఊహించి గీత గీసుకుని, చదవడం అయ్యాక చూడాలి. నోటితో చదివే అలవాటుంటే మాన్పించండి, వేగం అక్కడే పోతుంది. రెండు నెలల తర్వాతే మాక్ టెస్టులు, వారానికి ఒకటి. క్లాట్ నిర్వహించే లా యూనివర్సిటీల కన్సార్టియం వెబ్‌సైట్లో శాంపిల్ పేపర్లు ఉచితంగా ఉన్నాయి.

మాక్‌లలో తప్పుల లెక్క రాయించండి. నాలుగు తప్పులకు ఒక మార్కు పోతుంది. 110 పెట్టి 72 సరయితే వచ్చేది 62.5. 85 మాత్రమే పెట్టి 68 సరయితే 63.75. తక్కువ పెట్టిన పిల్లే ముందుంది. రెండు ఆప్షన్లు గట్టిగా కొట్టేయగలిగితే పెట్టాలి, లేకపోతే వదిలి పోవాలి.

ఇంకొకటి, ఒక పనిదినం అదాలత్ దగ్గర కోర్టు కాంప్లెక్స్‌కు తీసుకెళ్లండి. పదిన్నరకల్లా లోపలికి వెళ్లి ఒక సివిల్ కోర్టు హాల్లో వెనక బెంచీలో కూర్చోవచ్చు, కోర్టు అందరికీ తెరిచే ఉంటుంది. ఫోన్ ఆపేయాలి. ఎన్ని వాయిదాలు పడుతున్నాయో, జడ్జి ముందు ఎన్ని నిమిషాలు మాట్లాడుతున్నారో, ఎంతసేపు కాగితాలు తిరగేస్తున్నారో పాప చూడాలి. మధ్యాహ్నం బయటికొచ్చాక ‘ఎట్లుంది బిడ్డా’ అని మాత్రం అడగండి, మీరేం చెప్పకండి.

పేపర్ పది రోజులు చదివాక టైమర్‌లో పడిన అంకెలు, కోర్టు నుంచి వచ్చాక ఆమె అన్న మాట, రెండూ ఒక కాగితం మీద రాసుకోండి. పది రోజుల్లో నాలుగు రోజులు మీరు గుర్తు చేస్తేనే చదివిందనుకోండి, ఏ కోచింగుకూ కట్టకండి, సెకండియర్ హన్మకొండలోనే పూర్తి చేయించండి, లాసెట్‌కు చదువుకుంటుంది. మీరు అడగకముందే పేపర్ తీసిందంటే మళ్లీ రాయండి, అప్పుడు హన్మకొండలోనే ఉండి వారాంతపు ఆన్‌లైన్ టెస్టులతో ఎలా నెట్టుకురావచ్చో మాట్లాడుకుందాం.