జర్మనీలో వీకెండ్ ట్రిప్పులు మానకుండా బీ1 లిజనింగ్ గట్టెక్కాలంటే

గోథే సంస్థ పెట్టే జర్మన్ భాషా పరీక్ష బీ1 (మధ్యస్థాయి)లో లిజనింగ్, అంటే విని జవాబు రాసే భాగం, ఒక్కటే పోయిందని, ఇక వీకెండ్ ట్రిప్పులు మానేయాలా అని అడిగారు. అది పోయింది ట్రిప్పుల వల్ల కాదు. చదువంతా శనివారానికి నెట్టి, ఆ శనివారం మన నెల్లూరు, కావలి వాళ్లతో రైలెక్కుతున్నారు. రోజంతా తెలుగే.

1. ముందు టెన్షన్ తగ్గించుకోండి. గోథే బీ1లో మిగతా మూడూ (చదవడం, రాయడం, మాట్లాడడం) వచ్చేశాయన్నారు కదా, లిజనింగ్ ఒక్కటే మళ్లీ కట్టుకోవచ్చు. వందకు 60 చాలు.

2. సోమవారం నుంచి గురువారం దాకా రోజూ అరగంట. శుక్రవారం బ్యాగు సర్దుకోండి, పుస్తకం వద్దు.

3. చాలామంది వదిలేసేది ఇదే. డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా చెల్లే నెలవారీ పాస్)తో ఎక్కేవి రీజినల్ రైళ్లు, దారి పొడవునా అనౌన్స్‌మెంట్లే. ఇయర్‌ఫోన్లు తీసేయండి. బండి ఎంత లేటు, ఏ ప్లాట్‌ఫామ్‌కి మారింది అన్నది చెవితో విని, ఫోన్లో రాసుకుని, ఆ తర్వాతే బోర్డు చూడండి. అంకెల దగ్గర మరీ జాగ్రత్త: 34ని వాళ్లు నాలుగు ముందు, ముప్పై తర్వాత పలుకుతారు, మన చెవికి 43 అయి కూర్చుంటుంది. పరీక్షలో రెండో భాగం, మూడో భాగం ఒక్కసారే వినిపిస్తారు. స్టేషన్లోనూ అంతే, అందుకే ఈ సాధన మీద నాకంత నమ్మకం.

4. బేకరీలో, హోటల్లో వంతులవారీగా మాట్లాడండి. బాగా వచ్చిన ఒక్కరి మీద వదిలేయొద్దు.

5. ఇంటికి ఫోన్ ఆదివారం పొద్దున్నే చేసేయండి. వేసవిలో జర్మనీలో పొద్దున పది అయితే నెల్లూరులో మధ్యాహ్నం ఒకటిన్నర, అందరూ భోజనాలకి ఇంట్లోనే ఉంటారు. రాత్రి తిరిగొచ్చాక రాసుకున్నవి పావుగంట చూసి పడుకోండి.