తామర తొట్టి పెట్టే ముందు

చిట్టీ,

డాబా మీద తామర పెంచుతానన్నావని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అమ్మమ్మ తర్వాత ఆ పిచ్చి నీకే వచ్చిందని మురిసిపోయాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. నీ కొడుక్కి ఇంకా రెండేళ్లు నిండలేదు. జానెడు నీళ్లయినా ప్రమాదమే తల్లీ. డాబా తలుపుకి వాడికి అందని ఎత్తులో గడియ పెట్టించాకే తొట్టి కొను.

మిగతావి తేలికే. కన్నం లేని గుండ్రటి టబ్బు తీసుకో. మూలలుంటే దుంప పాకుతూ వెళ్లి అక్కడ ఇరుక్కుంటుంది. రోజూ ఆరు గంటల ఎండ తగలాలి. అరడుగు బంకమట్టి పోసి, దుంపను అడ్డంగా పడుకోబెట్టి, మొలక కొన పైకి కనిపించేలా ఉంచు. దోమలు రాకుండా నాలుగు గప్పీ చేపలు వదులు.

ఎరువు సంగతే గట్టిగా చెప్పాలి. నాకు పెళ్లయిన రెండో ఏడు, అమ్మమ్మ తన పుట్టింటి చెరువులో తీసిన గులాబీ తామర దుంపని తడి గోనెపట్టాలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చింది. ఉత్త మట్టిలోనే పెట్టు, ఆకులు నీళ్ల పైకి లేచాక ఎరువు చూద్దాం అని చెప్పి వెళ్లింది. నేను ఆగలేదు. విరగబూయాలని రెండు తట్టల పచ్చిపేడ కలిపేశాను. వారానికి నీళ్లలో బుడగలు. పదో రోజుకి పచ్చటి తెట్టు, కంపు. రోజూ నీళ్లు మార్చాను. అడుగున పేడ కుళ్లుతుంటే పైన నీళ్లు మార్చి ఏం లాభం? చెయ్యి పెట్టి తీస్తే దుంప ముద్దై వేళ్ల మధ్య నుంచి జారిపోయింది. అమ్మమ్మకి ఆ సంగతి ఉత్తరం రాయడానికి నెల పట్టింది. ఆవిడ ఒక్క మాట అనలేదు. వచ్చే వేసవిలో ఇంకోటి తెస్తాలే అని రాసింది. ఆ వేసవికి ఆ చెరువుని చేపల చెరువుగా తవ్వేశారు. తర్వాత కడియం నర్సరీల్లో గులాబీ తామరలు ఎన్నో చూశాను. ఏదీ ఆ రంగు కాదు.

అందుకే పచ్చిపేడ జోలికి పోకు. ఆకులు నిలబడ్డాక, బాగా మాగిన ఎరువు గుప్పెడు గుడ్డలో మూటకట్టి మట్టిలోకి నొక్కితే చాలు. చలికాలంలో ఆకులన్నీ ఎండిపోతాయి, చచ్చిపోయిందని పారెయ్యకు. దుంప లోపల బతికే ఉంటుంది, నీళ్లు ఆరనివ్వకు.

కింద తూము దగ్గర ఎప్పుడూ తడిగా ఉంటుందటగా, అక్కడ మెట్టతామర బాగా పూస్తుంది. మా పెరట్లో దుంపలు తవ్వి తడి గోనెలో పెట్టాను. ఆదివారం బస్సుకి నేనే తెస్తాను. ఈలోగా గడియ పెట్టించు.

మీ పెద్దమ్మ