ఎండుమిర్చి ఇక్కడ పాసై యూరప్‌లో ఎందుకు ఆగుతోంది?

వాణిజ్య ఒప్పందాలు ముఖ్యంగా తగ్గించేది సుంకాన్ని. పురుగుమందు అవశేషాల పరిమితి దానంతట అది సడలదు. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పరిమితుల్లో పాసైన గుంటూరు మిర్చిని యూరప్ కొనుగోలుదారు వద్దన్నాడంటే, చాలావరకు కారణం ఇదే. 1995 నుంచి అమల్లో ఉన్న డబ్ల్యూటీవో (ప్రపంచ వాణిజ్య సంస్థ) ఆహార భద్రత, మొక్కలు-జంతువుల ఆరోగ్యానికి సంబంధించిన ఎస్‌పీఎస్ ఒప్పందం ప్రకారం, శాస్త్రీయ ఆధారం చూపితే ఏ దేశమైనా అంతర్జాతీయ ఆహార ప్రమాణాలైన కోడెక్స్ కంటే కఠినమైన పరిమితి పెట్టుకోవచ్చు.

ఇలా చేయండి:

1. రైతు కొట్టిన ప్రతి మందు పేరూ రాసుకోండి. బ్రాండ్ పేరు కాదు, డబ్బా మీదున్న టెక్నికల్ పేరు.

2. యూరోపియన్ కమిషన్ పెస్టిసైడ్ డేటాబేస్‌లో ఒక్కో మందుకీ పరిమితి చూడండి. ప్రత్యేకంగా పరిమితి పెట్టని మందుకు సాధారణంగా కిలోకు 0.01 మిల్లీగ్రామే వర్తిస్తుంది.

3. అందరూ వదిలేసేది ఇదే. ల్యాబ్‌కు శాంపిల్ ఇచ్చేటప్పుడు "యూరప్‌కి, 0.01 అంత తక్కువ వరకూ కొలవాలి" అని రాసివ్వండి, మందుల జాబితా కూడా జతచేయండి. ల్యాబ్ 0.05 కంటే తక్కువ కొలవకపోతే, 0.03 ఉన్నా రిపోర్టులో "కనిపించలేదు" అనే వస్తుంది. ఆ కాగితం చూసి ధైర్యంగా కంటైనర్ పంపితే నష్టం మొత్తం మీదే. పాత రిపోర్టు తీసి, ఎంత తక్కువ వరకూ కొలిచారో చెప్పే గడి ఒకసారి చూడండి, దయచేసి.

4. అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల వచ్చే విషం) పరీక్ష విడిగా అడగండి. యూరప్‌కి వెళ్లే మిర్చిలో బీ1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 దాటకూడదు.

5. ప్రతి సీజన్‌కీ మళ్లీ చూడండి. పరిమితులు మారుతుంటాయి: బియ్యంలో ట్రైసైక్లజోల్ అనే తెగుళ్ల మందు పరిమితిని యూరప్ కిలోకు 1 మిల్లీగ్రాము నుంచి 0.01కి దించేసింది.