కామ్సార్ దారిలో పడవ కనిపిస్తే

చి. అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. గినీలోని కామ్సార్ రేవు నుంచి బాక్సైట్ మోసే ఓడలో థర్డ్ మేట్‌గా, అంటే మూడో అధికారిగా ఎక్కుతున్నావని మీ అమ్మ చెప్పింది. గినీ నుంచి స్పెయిన్‌కి మీరు పోయే దారీ, సెనెగల్, మౌరిటానియా తీరాల నుంచి కుర్రాళ్లు స్పెయిన్ ఏలుబడిలోని కానరీ దీవులకి దొంగచాటుగా వలసపోయే దారీ ఒకటే. 2024లో ఆ దీవులకి ఇలా పడవల్లో 46,843 మంది చేరారు. చేరనివాళ్ల లెక్క సముద్రానికే తెలుసు. నీ వాచ్‌లో, అంటే ఓడ నడిపే డ్యూటీలో, అలాంటి పడవ ఎదురైతే ఏం చెయ్యాలో ఇప్పుడే తెలుసుకో.

ముందు గుర్తుపట్టాలి. రంగులు పూసిన పొడవాటి చెక్క నావ అది, కొన్ని 20 మీటర్లు దాటుతాయి. నీటి మట్టానికి కొద్దిగానే పైకి కనిపిస్తుంది. రాడార్‌లో మినుకుమినుకుమంటూ కెరటాల చుక్కల్లో కలిసిపోతుంది. ఉన్నచోటు చుట్టుపక్కల ఓడలకి చెప్పే ఏఐఎస్ పరికరం ఉండదు, దీపాలుండవు. బైనాక్యులర్సే దిక్కు. వల, బోయలు లేకుండా ఇంధనం డబ్బాలు, నెత్తిన టార్పాలిన్, కిక్కిరిసిన జనం ఉంటే చేపల వేట కాదని అర్థం. కెరటానికి అడ్డం తిరిగి ఊగుతుంటే ఇంజన్ పోయినట్టే.

ఇంజన్ పోతే ఈశాన్యపు గాలీ, కానరీ ప్రవాహమూ కలిసి పడవని నైరుతికి, అట్లాంటిక్ నడిబొడ్డుకి ఈడ్చుకుపోతాయి. 2023 జులై 10న సెనెగల్‌లోని ఫాస్ బోయ్ నుంచి 101 మందితో బయల్దేరిన పడవ ఆగస్టు నడిమికి కేప్ వెర్డీ దగ్గర దొరికింది. బతికింది 38 మంది. 2021 మేలో ఇంకొకటి శవాలతో ఏకంగా కరీబియన్‌లో టొబాగోకి కొట్టుకొచ్చింది. కాబట్టి కానరీకి దూరంగా ఉన్నాం కదా అని కళ్లు మూసుకోవద్దు.

కనిపించగానే పొజిషన్ మార్క్ చేసి కెప్టెన్‌ని లేపు, వేళాపాళా చూడకు. తర్వాత డకార్ లేదా లాస్ పాల్మాస్ రెస్క్యూ సెంటర్‌కి పొజిషన్, సుమారు ఎందరున్నారు, ఇంజన్ నడుస్తోందా, పిల్లలున్నారా చెప్పాలి. ఓడని అద్దెకి తీసుకున్న చార్టరర్ ఏమంటాడో అన్న బెంగ అక్కర్లేదు. సముద్రంలో ప్రాణరక్షణ కోసం ఉన్న అంతర్జాతీయ ఒప్పందం సోలాస్, దాని ఐదో అధ్యాయం 33వ నిబంధన ప్రకారం ఆదుకోవడం కెప్టెన్ విధి, 34-1 ప్రకారం ఆయన నిర్ణయానికి ఓనరు కూడా అడ్డురాకూడదు. వాళ్ల ఇంజన్ నడుస్తూ, మీ సాయం వద్దని చేతులూపినా రిపోర్ట్ చెయ్యాల్సిందే. వెంటపడి తరమకండి.

ఇక అసలు ప్రమాదం మీ ఓడే. ఎన్నో రోజులు సముద్రాన్ని తట్టుకున్న పడవ, సాయం దగ్గరకొచ్చాక తిరగబడుతుంది. తాడు పడగానే అందరూ ఒకే పక్కకి లేస్తారు, అంతే. 2025 మే 28న కానరీల్లోని ఎల్ హియెర్రో దీవిలో, రెస్టింగా రేవు గట్టుకి కొద్ది మీటర్ల దూరంలోనే ఒక పడవ ఇలా బోల్తాపడి ఏడుగురు చనిపోయారు. ఏడుగురూ ఆడవాళ్లు, ఆడపిల్లలే.

అందుకే అర మైలు అవతలే ఆగండి. సరుకు లేక బ్యాలస్ట్ నీళ్లతోనే ఉంటే ఓడ ఎత్తు తెరచాపలా పనిచేసి గాలివాటుకి వాళ్ల మీదికే తోసుకెళ్తుంది, మరింత దూరం కావాలి. సముద్రం ఒప్పుకుంటే కెప్టెన్ రెస్క్యూ బోట్ దింపిస్తారు. అది పడవ పక్కకి పోకూడదు, ముక్కు వైపు నుంచో వెనక నుంచో మెల్లగా వెళ్లాలి. మొదటి మాట "అసేయే వూ", అంటే కూర్చోండి. ఫ్రెంచ్ రానివాళ్లుంటారు, వొలోఫ్‌లో "తోగ్‌లీన్" అను, చేత్తో కిందకి సైగ చెయ్యి. "న్దాంక్ న్దాంక్" అంటే నెమ్మది నెమ్మది. ఒక్కడే మాట్లాడాలి, పదిమంది అరిస్తే వాళ్లు లేస్తారు. కూర్చున్నాకే లైఫ్ జాకెట్లు. మీ ఓడలో వందమందికి సరిపడా ఉండవు, పిల్లలకి, ఆడవాళ్లకి ముందు. రాత్రయితే సెర్చ్‌లైట్ మొహాల మీద కొట్టకండి.

ఎక్కించేటప్పుడు ప్రొపెల్లర్ ఆగి ఉండాలి. కామ్సార్ రేవుకి సరిపోయే కొలతల కామ్సార్‌మ్యాక్స్ ఓడకి లోడ్‌తో ఫ్రీబోర్డ్, అంటే నీటి నుంచి డెక్ దాకా ఎత్తు, ఆరు మీటర్లకి అటూ ఇటూ, ఖాళీగా ఉంటే దానికి రెట్టింపు. రోజుల తరబడి ముడుచుకు కూర్చుని కాళ్లు వాచినవాడు ఓడ పక్కన వేలాడే తాడు నిచ్చెన (పైలట్ లాడర్) ఎక్కలేడు. నడుముకి సేఫ్టీ లైన్ కట్టి, ఒకరి తర్వాత ఒకర్ని ఎక్కించండి. లేవలేనివాళ్లని స్ట్రెచర్‌లో పడుకోబెట్టే పైకి లాగాలి. నిలువునా లాగితే రక్తపోటు పడిపోయి డెక్ మీదకొచ్చాక గుండె ఆగిపోతుంది. లైఫ్ రాఫ్ట్ ఒకటి దింపి పక్కన బల్లకట్టులా కట్టుకుంటే మేలు.

డెక్ మీద మొదటి పని నీళ్లు, అదీ గుక్కలు గుక్కలుగా. ఓఆర్ఎస్ అయిపోతే లీటరు మంచినీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు. ఉప్పు కొలత మించితే ఉన్న తడి కూడా పోతుంది. సముద్రపు నీళ్లు తాగినవాళ్లు పాడయ్యేది అందుకే: అందులో లీటరుకి 35 గ్రాముల ఉప్పు, దాన్ని బయటికి పంపడానికి కిడ్నీకి తాగినదానికంటే ఎక్కువ నీరు కావాలి. చాలా రోజులు పస్తున్నవాళ్లకి ఒకేసారి కడుపునిండా పెట్టకండి, పల్చటి జావ కొద్దికొద్దిగా. ఎక్కువమంది ముస్లింలు, పంది మాంసం పొయ్యి దగ్గరికే రానివ్వొద్దని కుక్‌తో చెప్పు.

తొడలు, పిరుదులు ఎర్రగా ఒలిచినట్టుంటే అది ఎండ కాదు. పడవ అడుగున పెట్రోలూ ఉప్పునీరూ కలిసిన మడుగులో కూర్చున్నందుకు కాలిన చర్మం. గ్లోవ్స్ తొడుక్కుని తడిబట్టలు విప్పించి, మంచినీళ్లతో ధారగా కడగాలి. ఆడవాళ్లకి తెర కట్టండి.

లాగ్‌బుక్‌లో రాసేటప్పుడు వీళ్లు దొంగచాటుగా ఓడెక్కినవాళ్లు కాదు, సముద్రంలో మీరు కాపాడినవాళ్లు. చట్టం దృష్టిలో ఆ రెండూ వేరు. చుక్కాని ఎవడు పట్టాడని అడగొద్దు. ఆ పని చేసినవాళ్లని స్పెయిన్‌లో ఏళ్ల తరబడి జైల్లో పెడుతున్నారు, డబ్బుల్లేక టికెట్‌కి బదులు పట్టినవాడూ అందులో ఉంటాడు. ఆ తీర్పు నీ వాచ్ పని కాదు.

విప్పిన బట్టలు మాత్రం వెంటనే పారేయకండి. జేబులూ అంచులూ వెతకండి, చనిపోయినవాళ్లవి ముఖ్యంగా. ఇంటి ఫోన్ నంబర్ చీటీ మీదో గుడ్డ మీదో రాసుకుని ఉంటారు. దాన్ని ప్లాస్టిక్ కవర్లో వేసి, ఆ మనిషికి మీరు ఇచ్చిన వరస నంబరే దాని మీదా వేసి కెప్టెన్‌కి అప్పగించు.

మీ మావయ్య