మీరడిగారు, మేం చెప్తున్నాం: తుఫాను సాయం ముప్పై ఏళ్లు చేస్తే?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో అప్పుడప్పుడూ యుద్ధ బాధితుల కోసం అని పాత బట్టలు, దుప్పట్లు, బియ్యం పోగుచేస్తుంటాం. ఈమధ్య మా మనవరాలు "వస్తువులు కాదు తాతయ్యా, డబ్బే పంపాలి" అంటోంది. చేతికి డబ్బిస్తే దుబారా చెయ్యరా? అసలు ఇంత డబ్బు పోస్తున్నా ఈ శిబిరాలు ఇరవై ముప్పై ఏళ్లు ఎందుకు నడుస్తున్నాయి?
- ఒక రిటైర్డ్ టీచర్, తెనాలి

జవాబు: మాస్టారూ, రెండో ప్రశ్న ముందు తీసుకుంటాను, అది తేలితే మొదటిది సగం తేలిపోద్ది.

మనకి సాయం అంటే తుఫాను సాయమే గుర్తొస్తుంది. 1977 దివిసీమ ఉప్పెన నుంచి 2014 హుద్‌హుద్ దాకా చూసింది అదే కదా, పులిహోర పొట్లాలు, నీళ్ల ప్యాకెట్లు, లారీల్లో బట్టలు. నీళ్లు తీశాక జనం ఇళ్లకెళ్లి బురద కడుక్కుని మళ్లీ పొయ్యి వెలిగించుకుంటారు. యుద్ధానికి ఆ "నీళ్లు తియ్యడం" అనేది ఉండదండి. కానీ పెద్ద పెద్ద సంస్థలు కూడా చాలాకాలం యుద్ధానికి తుఫాను లెక్కే వేశాయి, ఈ ఏడాదికి ఇంత కావాలని అప్పీలు చెయ్యడం, వచ్చిందాంట్లో టార్పాలిన్లు, పిండి, నూనె కొనడం, మళ్లీ వచ్చే ఏడాది అదే అప్పీలు.

కెన్యాలో దాదాబ్ అని ఒక చోటుంది, సోమాలియా బోర్డర్‌కి దగ్గర్లో. 1991లో సోమాలియా ప్రభుత్వం కూలిపోయినప్పుడు పారిపోయి వచ్చినవాళ్ల కోసం పెట్టారు, అనుకున్నది 90 వేల మందికి. 2011 కరువు టైమ్‌లో నాలుగు లక్షలు దాటేశారు. అక్కడ పుట్టిన పిల్లలకి మళ్లీ పిల్లలు పుట్టారు, ఆ మనవలకి సోమాలియా అంటే అమ్మమ్మ చెప్పే ఊరు, అంతే. ఏళ్ల తరబడి వాళ్లకున్న రూల్ ఏంటంటే పర్మిషన్ లేకుండా క్యాంపు దాటకూడదు, బయట ఉద్యోగం చెయ్యడానికి కాగితం దొరకదు. మనిషిని కూర్చోబెట్టి ముప్పై ఏళ్లు అన్నం పెట్టడం అంటే ఎంత ఖర్చో చూడండి, పైగా వాడికి పెట్టినట్టూ ఉండదు, వాడు తిన్నట్టూ ఉండదు.

బంగ్లాదేశ్‌లో కాక్స్ బజార్ సంగతి ఇంకా విచిత్రం. 2017 ఆగస్టు నుంచి కొద్ది నెలల్లోనే మయన్మార్ నుంచి ఏడు లక్షల పైచిలుకు రోహింగ్యాలు వచ్చి కొండలమీద పడ్డారు. (మన హైదరాబాద్ బాలాపూర్ వైపు కూడా ఉన్నారు కొన్ని వేలమంది, పాత సామాను ఏరుకుంటూ బతికేవాళ్లు ఎక్కువ.) కాక్స్ బజార్‌లో ఇటుకతో గోడ కడితే ఉండిపోతారేమో అని బంగ్లాదేశ్ ప్రభుత్వం పక్కా ఇళ్లకి ఒప్పుకోదు, అందుకే వెదురూ టార్పాలినే. హడావిడిలో పచ్చి వెదురు వాడేసరికి దానికి పురుగు పట్టి గుంజలు లోపల్నుంచి పిండి పిండి అయిపోయాయి, మళ్లీ వెదురు, మళ్లీ తాళ్లు, ప్రతి వానాకాలం ముందూ ఇదే తంతు. తాత్కాలికం అనే మాట కోసం ప్రతి ఏడాదీ కడుతున్న ఫైన్ అనుకోండి ఇది.

మరి చందాలు తగ్గితే? 2023లో కాక్స్ బజార్‌లో అదే అయ్యింది. మనిషికి నెలకి 12 డాలర్ల రేషన్ ఇచ్చేవాళ్లు, మార్చిలో 10 చేశారు, జూన్‌లో 8 చేశారు. 8 డాలర్లంటే అప్పటి రేటుకి మన 650 రూపాయలు, రోజుకి 22 రూపాయలన్నమాట, మన దగ్గర టీ, సమోసా. తర్వాత మళ్లీ పెంచారనుకోండి. కానీ ఎక్కడో వేరే దేశంలో బడ్జెట్ మారితే ఇక్కడ పిల్లాడి కంచంలో కూర మాయమైపోద్ది, తండ్రికేమో పనికెళ్లే పర్మిషన్ లేదు. 2025లో అమెరికా తన సాయం సంస్థనే ఎత్తేసిందిగా, ఇంక వేరే చెప్పాలా.

ఇప్పుడు మీ మనవరాలి మాటకొద్దాం. జోర్డాన్‌లో జాతరీ అని సిరియా వాళ్ల క్యాంపు, 2012 జులైలో మొదలైంది. పేరు మన జాతరలా ఉందా, లోపల కూడా జాతరేనండి. డేరాలేసిన కొన్నాళ్లకే మెయిన్ రోడ్డు మీద షాపులు లేచాయి, ఫలాఫెల్ అనే శనగ వడల బండ్లు, సెల్ రిపేర్లు, ఆఖరికి పెళ్లికూతురి గౌన్లు అద్దెకిచ్చే కొట్లు కూడా. ఆ వీధికి "షాంజెలిజే" అని పేరు పెట్టుకున్నారు, పారిస్‌లో ఉన్న షోకు వీధి పేరూ, వాళ్లు డమాస్కస్‌ని పిలుచుకునే షామ్ అనే పేరూ కలిపి వేసుకున్న జోకు అది. స్తంభాలమీంచి కరెంటు వైర్లు లాగేసుకున్నారు, దొంగ కరెంటే, కాదనను. కానీ ఈ మనుషులు చేతకాని వాళ్లలా కనిపిస్తున్నారా మీకు?

అక్కడ 2016లో సూపర్‌మార్కెట్‌లో బిల్లు కట్టాలంటే కంటిపాపని స్కాన్ చెయ్యడం మొదలెట్టారు, సరుకులు కొనే ఆవిడ కెమెరాలోకి చూస్తుంది, సాయం సంస్థ ఆమె ఖాతాలో వేసిన డబ్బులోంచి తెగిపోద్ది. మన రేషన్ షాపులో వేలిముద్ర లాంటిదే, వేళ్లు అరిగిపోయిన ముసలమ్మల బాధ తప్పింది గానీ కన్ను తాకట్టు పెట్టి రొట్టె కొనుక్కోవడం ఏంటో అని నాకైతే మనసు ఒప్పదు, అది వేరే సంగతి. ఏం కొనాలో ఆమె ఇష్టం అనేది ఇక్కడ పాయింట్. బియ్యం మూటలిచ్చిన రోజుల్లో కూడా జనం వాటిలో కొంత సగం రేటుకి అమ్మి సబ్బు, మందులు, కట్టెలు కొనుక్కునేవాళ్లు, ఆ నష్టం ఎవరిది? దుబారా అంటారా, చేసేవాడు బియ్యం అమ్మి కూడా చేస్తాడు మాస్టారూ.

కానీ నన్నడిగితే డబ్బు కంటే ముందు ఇవ్వాల్సింది పని చేసుకునే హక్కు. ఉగాండా 2006 చట్టంలో రాసేసింది, శరణార్థులు పని చేసుకోవచ్చు, ఎక్కడికైనా వెళ్లొచ్చు అని, కొంచెం నేల కూడా ఇస్తారు. జనం పెరిగేకొద్దీ ఆ ముక్క చిన్నదైపోయింది, అదేం స్వర్గం కాదు. ఉగాండా దాకా ఎందుకు, 1960లో మైసూరు రాష్ట్రం టిబెటన్లకి బైలకుప్పెలో 3 వేల ఎకరాలు ఇచ్చింది, అడవి కొట్టుకుని మొక్కజొన్న వేసుకున్నారు. చలికాలం రాగానే మన ఊళ్లలో వరసగా స్వెట్టర్ల దుకాణాలు పెట్టేది టిబెటన్లే కదా, మీరూ బేరమాడే ఉంటారు. వాళ్లని చూస్తే ఎప్పుడైనా శరణార్థి అనే మాట తట్టిందా?

పాత బట్టలు మాత్రం ఇంక ఆపేయండి, వాటిని ఏరి, సర్ది, లారీ ఎక్కించే ఖర్చు బట్టల విలువ కంటే ఎక్కువ.

ప్రశ్న: శరణార్థి సగటున 17 ఏళ్లు శిబిరంలో ఉంటాడని మా లెక్చరర్ చెప్పారు. నిజమేనా?
- ఒక డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: ఈ 17 అనే అంకె తిరగని చోటు లేదమ్మా. ఇరవై ఏళ్ల కిందట ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ వేసిన అంచనా అది. పెద్ద పెద్ద శరణార్థి సంక్షోభాలు సగటున ఎన్నాళ్లు సాగుతున్నాయి అన్న లెక్క, ఒక మనిషి ఎన్నాళ్లున్నాడు అన్నది కాదు. క్యాంపుల లెక్క అంతకన్నా కాదు, శరణార్థుల్లో ఎక్కువమంది అసలు క్యాంపుల్లోనే ఉండరు, ఊళ్లలో, బస్తీల్లో అద్దెకుంటారు. మీ సార్‌కి మెల్లగా చెప్పు, నా పేరు చెప్పకు.

ప్రశ్న: సిరియా, సోమాలియా బాగానే చెప్తారు. మా మండలంలో గుత్తికోయలున్నారు, వాళ్ల గురించి ఎందుకు రాయరు?
- ఒక పాఠకుడు, చర్ల

జవాబు: తిట్టారు, తిట్టించుకోవాల్సిందే. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం (మావోయిస్టుల మీదకి ప్రభుత్వం అండతో లేచిన సాయుధ దళం) మొదలయ్యాక ఇటు మావోయిస్టులు, అటు జుడుం, మధ్యలో నలిగి గోదావరి వైపు అడవుల్లోకి వచ్చేసిన ఆదివాసీలు వీళ్లు. దేశం దాటలేదు కాబట్టి శరణార్థులు కారు. గొడవల వల్ల దేశంలోపలే చెల్లాచెదురైన వాళ్ల కోసం మనకి ప్రత్యేకంగా చట్టం లేదు. ఎస్టీ హోదా రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఇక్కడ ఆ సర్టిఫికెట్ రావడం కష్టం. పోడు పట్టా అడిగితే అటవీ హక్కుల చట్టంలో గడువు తేదీ 13 డిసెంబర్ 2005, ఆ తేదీకి ముందే భూమి సాగులో ఉండాలి. వీళ్లు బయల్దేరిందే ఆ ఏడాది కదండి!

కిందటి వేసవిలో మీ వైపు ఒక గూడేనికి వెళ్లాను, మిరప కోతలకెళ్లి అప్పుడే వచ్చారు. వాగు ఇసకలో చెలమ తీసి, ఒకావిడ సొరకాయ బుర్రతో నీళ్లు తోడుతోంది, ఊరేదాకా ఆగాలి, మళ్లీ తోడాలి, ఒక బిందె నిండేసరికి నేను రెండు ఫోన్ కాల్స్ మాట్లాడేశాను. మాతో వచ్చిన వాళ్లు దుప్పట్లు పంచి ఫొటోలు దిగారు. ఆవిడ దుప్పటి తీసుకుని, ఇవి ఇంట్లో ఇంకో మూడున్నాయి, బోరు ఎప్పుడేస్తారని అడిగింది. ఇది రిజర్వ్ ఫారెస్ట్, బోరు కుదరదన్నారంట అని మాతో వచ్చినాయన మెల్లగా నాకు చెప్పాడు, ఆవిడకి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు.