హైస్కూల్ పిల్లలకు సొంత కారు కొనివ్వడం అవసరమా?

పదహారు దాటిన మీ అబ్బాయి లైసెన్స్ రాగానే సొంత కారు కావాలంటున్నాడని, కొనాలా వద్దా అని అడిగారు. డ్రైవింగ్ తప్పకుండా నేర్పించండి. కారు మాత్రం ఇంట్లో ఉన్నదాన్నే పంచుకోనివ్వండి. సొంత కారు లేకపోతే గడవని పని ఏదైనా ఉంటేనే విడిగా కొనండి.

మా ఇద్దరు పిల్లల విషయంలో రెండు పద్ధతులూ చూశాను. పెద్దవాడు హైస్కూల్లో ఉన్నప్పుడు నావి రాత్రి డ్యూటీలు, మా ఆయనది ఊళ్లు తిరిగే ఉద్యోగం. మేమున్న వైపు బస్సు లేదు. చెల్లెల్ని బడి నుంచి తీసుకురావాలంటే వాడే దిక్కు. అందుకని వాడికోసం సెకండ్ హ్యాండ్ కారు కొన్నాం. ఆ కారు నిజంగా మమ్మల్ని ఆదుకుంది. అమ్మాయికి లైసెన్స్ వచ్చేసరికి నా పని పగటివేళకు మారింది. దానికి వేరే కారు కొనలేదు, నా కారే వాడుకుంది.

ఖర్చు సంగతి అందరూ చెబుతారు కాబట్టి ఎక్కువ రాయను. కొన్న ధర ఒక్కసారి కట్టేది. ఇన్సూరెన్స్, పెట్రోలు, టైర్లు, సర్వీసింగ్ ఆగేవి కావు. వాటిలో అన్నిటికన్నా బరువు ఇన్సూరెన్స్‌ది. కొత్తగా నేర్చుకున్న కుర్రవాళ్లు ఎక్కువ ప్రమాదాలు చేస్తారని కంపెనీలకు తెలుసు, ప్రీమియం కూడా అలాగే వేస్తాయి. విడిగా పాలసీ తీసుకునే కన్నా తల్లిదండ్రుల పాలసీలో పేరు చేర్పించడం సాధారణంగా చవక.

డబ్బు కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. మావాడి స్నేహితుల్లో కొందరు కారు ఖర్చుల కోసం సాయంత్రాలు పనికి వెళ్లేవాళ్లు. పనికి వెళ్లడానికి కారు కావాలి, కారు నడవడానికి పని చేయాలి. మధ్యలో చదువూ, నిద్రా పోయేవి. రాత్రి పొద్దుపోయేదాకా పని చేసి, పొద్దున్నే స్టీరింగ్ పట్టుకుని బడికొచ్చే పిల్లల ముఖాలు చూస్తే కడుపు తరుక్కుపోయేది. ఆ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. మీ అబ్బాయి 'నా ఖర్చు నేనే సంపాదించుకుంటాను' అంటే మెచ్చుకోండి. దాంతోపాటు వారానికి ఎన్ని గంటలు పని చేయాల్సి వస్తుందో పక్కన కూర్చుని లెక్క వేయించండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది ప్రాణం. అమెరికా లెక్కలు తీసుకుంటే, నడిపిన ప్రతి మైలుకూ 16 నుంచి 19 ఏళ్ల వాళ్లకు ప్రాణాంతక ప్రమాదం జరిగే అవకాశం 20 దాటినవాళ్ల కన్నా దాదాపు మూడు రెట్లు. లైసెన్స్ వచ్చిన మొదటి నెలలు మరీ ప్రమాదకరం. పక్కన తోటి పిల్లలు ఎక్కినా, చీకటి పడినా ముప్పు ఇంకా పెరుగుతుంది. న్యూజిలాండ్ 1987లోనే కొత్త డ్రైవర్లకు రాత్రి ప్రయాణాల మీద, ఎక్కించుకునే మనుషుల మీద ఆంక్షలు పెట్టి, దశలవారీగా పూర్తి లైసెన్స్ ఇవ్వడం మొదలుపెట్టింది. తర్వాత చాలా దేశాలు, రాష్ట్రాలు అదే దారి పట్టాయి. మీ దగ్గర అలాంటి నిబంధన లేకపోయినా ఇంట్లో మీరే పెట్టండి.

సొంత కారుకీ, పంచుకునే కారుకీ తేడా ఇక్కడే ఉంది. 2009లో 'పీడియాట్రిక్స్' వైద్య పత్రికలో అమెరికా హైస్కూల్ పిల్లల మీద ఒక అధ్యయనం వచ్చింది. కారు ప్రధానంగా తమ చేతిలోనే ఉన్న పిల్లలు, ఇంట్లోవాళ్లతో పంచుకునే పిల్లల కన్నా రెండు రెట్లకు పైగా ప్రమాదాలకు గురయ్యారని అందులో తేలింది. అది చదివినప్పుడు నాకు మా ఇల్లే కళ్లముందు కదిలింది. అమ్మాయి తాళాలు అడిగినప్పుడల్లా ఎక్కడికి, ఎవరితో, ఎన్నింటికి వస్తావు అన్న మాటలు వాటంతటవే వచ్చేవి. దానికీ అది నిఘాలా అనిపించలేదు, నాకూ కారు కావాలి కదా. అబ్బాయి దగ్గర అదే మాట అడిగితే కూపీ లాగుతున్నట్టుండేది. వాడు బుద్ధిమంతుడే. అయినా తాళాలు జేబులో ఉన్నప్పుడు చెప్పి వెళ్లాల్సిన అవసరం వాడికి కనిపించేది కాదు.

కారు ఉంటే బాధ్యత తెలుస్తుందంటారు. కొంత నిజమే. టైర్లలో గాలి చూడటం, ఆయిల్ చూసుకోవడం, సర్వీసింగ్ తేదీ గుర్తుపెట్టుకోవడం మావాడికి బాగా వచ్చాయి. కానీ అమ్మాయికీ వచ్చాయి. నా కారు అది వాడినందుకు ఆ పనులన్నీ దానికే అప్పగించాను.

బస్సు లేకపోవడం, ఇంట్లో చిన్నపిల్లల్నో పెద్దవాళ్లనో తిప్పాల్సి రావడం, హైస్కూల్లో ఉండగానే దూరంగా ఉన్న కాలేజీలో క్లాసులు తీసుకోవడం వంటి కారణం ఉంటే వెనకాడకుండా కొనండి. అప్పుడు కూడా మూలనపడ్డ పాత బండి చవగ్గా దొరికిందని పిల్లల చేతికి ఇవ్వొద్దు. అనుభవం తక్కువ ఉన్నవాళ్లకే మంచి కారు కావాలి. మధ్యస్థ సైజు, మరీ శక్తిమంతం కాని ఇంజిన్, ఎయిర్‌బ్యాగులు, ముఖ్యంగా ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ చూడండి. బండి జారిపోతుంటే చక్రాలకు విడివిడిగా బ్రేకు వేసి అదుపులో ఉంచేది అదే. అమెరికాలో 2012 మోడల్ నుంచి కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి.

రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉండాలి, ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఎవరి మీద పడుతుంది అన్నవి మీ ప్రాంతపు చట్టం ప్రకారం కనుక్కోండి. మైనర్ నడిపే బండికి చాలాచోట్ల తల్లిదండ్రులే జవాబుదారీ. కారు చూడటానికి వెళ్లేముందే ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేసి, మీ అబ్బాయి పేరు చేరిస్తే ఇంటి కారుకు ఎంత పెరుగుతుందో, రెండో కారు కొంటే ఎంత అవుతుందో రెండూ అడగండి. ఆ రెండు అంకెలూ ముందు పెట్టుకుని వాడితో మాట్లాడండి.